పదిహేడు దీపాలు

భూమికి ఎనిమిది వందల నలభై మీటర్ల అడుగున, బొగ్గు గోడ చివరి మూలలో, గ్యాసు మీటరుకి ఎవరో తడిగుడ్డ చుట్టారు. గుడ్డ చాలదేమోనని గాలి పైపు కూడా ఒకటి లాక్కొచ్చి, దాని మూతి మీటరు వైపుకి తిప్పి తీగతో బిగించారు. పైపులోంచి మంచిగాలి బుస్సుమంటూ మీటరు ముఖాన కొడుతోంది. మీటరుదేం తప్పు? దాని ముక్కుకి ఏది తగిలితే అదే చెబుతుంది. పైన కంట్రోలు రూములో కాఫీ తాగుతూ కూర్చున్నవాడికి సున్నా పాయింట్ ఏడు అని చెబుతోంది. గింటర్ చేతిలో ఉన్న చిన్న మీటరు మాత్రం రెండు పాయింట్ ఎనిమిది చూపిస్తోంది.

గింటర్ షిముర పని అదే. షిఫ్టు పొడుగునా చేతి మీటరు పట్టుకుని గ్యాసు కొలుస్తూ తిరగడం. గాలిలో గ్యాసు నూటికి రెండు పాళ్లు దాటిందంటే మూలనున్న పెద్ద మీటరు తనంతట తానే కరెంటు కొట్టెయ్యాలి, కోత యంత్రం ఆగాలి, మనుషులు మంచిగాలి వైపుకి వచ్చెయ్యాలి. ఐదు దగ్గరికి పోయిందంటే యంత్రం పళ్లచక్రం రాయికి తగిలి లేచే ఒక్క రవ్వ చాలు. ఈ సంగతి ఆ గోడ దగ్గర పనిచేసే పద్దెనిమిది మందికీ తెలుసు. తెలిసే కట్టారు.

పైవాళ్లు కట్టమన్నారా అంటే అదీ కాదు. గింటర్‌కి ఒళ్లు మండేది అక్కడే. అక్టోబరులో మంత్రి ఒకాయన టీవీలో కనబడి, బాల్టిక్ సముద్రంలో గాలిమరలు లేచేదాకా దేశానికి బొగ్గు తప్పదు, ఎలాగూ బొగ్గుబాయిలన్నీ మూసేవే, ఎక్కువ బొగ్గు తీసే బాయిని మాత్రం ఆఖర్న మూస్తాం అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. మర్నాటినుంచీ బాయి గేటు దగ్గర నల్లబల్ల మీద నిన్న ఎన్ని టన్నులు తీశారో సుద్దముక్కతో రాయడం మొదలైంది. గాలిమరలతో పందెం కాసినట్టే. రొట్టెల కొట్లో వరసలో నిలబడ్డ ఆడవాళ్లు కూడా ఆ అంకె చెప్పుకుంటున్నారు. మీటరు కరెంటు కొట్టేసినప్పుడల్లా ఆ అంకె పడిపోతుంది. అందుకని మీటరు నోరు మూశారు.

గింటర్ రెండు వారాలుగా ఆ గుడ్డని చూస్తున్నాడు. చూసి, పక్కకి తిరిగి, పుస్తకంలో సున్నా పాయింట్ ఏడు అని రాసుకుని పోతున్నాడు. ఆ సోమవారం ఎందుకో అలా పోబుద్ధి కాలేదు. చేతి మీటరు సొరంగం కప్పు దాకా ఎత్తి ఇంకోసారి చూశాడు. రెండు పాయింట్ తొమ్మిది. కటింగ్ ప్లయర్ తీసి తీగ తెంపాడు, పైపు పక్కకి తన్నాడు, గుడ్డ లాగి కింద పడేశాడు. మీటరు ఒక నిమిషం ఊపిరి తీసుకున్నట్టు ఊరుకుని, తర్వాత ఎర్రగా వెలిగింది. కరెంటు పోయింది. రెండు వందల మీటర్ల గోడ పొడుగునా రోజంతా వాయించే మోత ఒక్కసారిగా ఆగిపోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి.

తర్వాత టోపీ దీపాలు వచ్చాయి. కప్పుని మోసే ఉక్కు కాళ్ల మధ్యనుంచి వంగి వంగి, బూతులు తిట్టుకుంటూ. ముందున్నది రూఫిన్. కోత యంత్రం నడిపేది అతనే. గింటర్‌కి సొంత తమ్ముడు, పదకొండేళ్లు చిన్న.

"ఎవడ్రా తీసింది?"

"నేనే తీసిన."

రూఫిన్ దీపం అన్న ముఖం మీదికి తిప్పాడు. "అన్నా, మళ్ల కట్టు."

"మూడుకి వచ్చింది తమ్మీ."

"నిన్న కూడా మూడే ఉండె. సచ్చినమా? గిప్పుడు నీతోని మాట్లాడుతున్నది దయ్యమా? కట్టు అంటున్న."

"కట్ట."

రూఫిన్ చేతిలో ఉన్న స్పానరు పెట్టి డొక్కలో ఒక్కటిచ్చాడు. గింటర్ వంగిపోయాడు. రెండో దెబ్బ దవడకి, అది పిడికిలితో. హెల్మెట్ ఎగిరిపోయి బొగ్గు మోసే గొలుసు మీద పడింది. కింద పడ్డవాణ్ణి వెనకనుంచి ఎవరో బూటుతో నడుం మీద తన్నారు, ఎవరో తెలియలేదు. దీపాలన్నీ కళ్లలోకే కొడుతున్నాయి.

"గాలిమరల ఏజెంటు! ఇంటి మీద అద్దాలు పెట్టుకున్నోనికి బొగ్గుతోని ఏం పని?"

"ఎంత ఇచ్చిర్రురా నీకు, బాయి మూపియ్యనీకి?"

ఇంటి మీద అద్దాలంటే సోలార్ పలకలు. పోయిన వేసవిలో గింటర్ పెళ్లాం ట్రూడా పెట్టించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అప్పుడే నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు.

షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ కుచేరా తాపీగా వచ్చాడు. ఆయన ఎప్పుడూ అంతా అయ్యాకే వస్తాడు. "ఏమైందిరా?"

"జారి పడ్డడు సార్," అన్నాడు రూఫిన్.

కుచేరా గింటర్ నోట్లోంచి కారుతున్న రక్తం చూశాడు, కింద పడ్డ గుడ్డ చూశాడు. గుడ్డ తీసి మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "చూసుకొని నడవాలె గింటరూ," అన్నాడు. "నువ్వు పైకి పో."

*

స్నానాల హాల్లో షిఫ్టు దిగిన మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడి ఒకరి వీపు ఒకరు తోముతారు. బొగ్గు నుసి వీపు మధ్యలోకి దిగిపోతుంది, సొంత చెయ్యి అందదు. ఈ లోయలో తాతల కాలంనుంచీ అంతే. పగవాడైనా సరే, ముందు నిలబడితే వీపు తోమాల్సిందే. ముందే పైకి వచ్చిన గింటర్ షిఫ్టు అయ్యేదాకా బల్ల మీద కూలబడి ఉండి, అందరితో పాటే షవరు కింద నిలబడ్డాడు. వెనక ఉన్నవాడు సబ్బు పట్టుకుని పక్క వరసలోకి మారిపోయాడు. వాడి వెనకవాడూ మారాడు. పాతికమంది నగ్నంగా నిలబడ్డ హాల్లో గింటర్ చుట్టూ నాలుగు షవర్లు ఖాళీ అయిపోయాయి. నీళ్లు మాత్రం పడుతున్నాయి.

డొక్క పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఇరవై రెండేళ్లలో ఎవరి వీపైనా తోమనన్నాడా తను?

"వంగు!" అని వెనకనుంచి పెద్ద కేక వినిపించింది.

హెల్ముట్ గాయ్డా. భారీ మనిషి, యంత్రాల మోతలో పడి చెవులు సగం పోయాయి, అందుకని గుసగుస చెప్పినా చర్చి గంట కొట్టినట్టే ఉంటుంది. అదే గోడ మీద రూఫిన్‌కి సాయంగా ఉంటాడు. బ్రష్‌కి సబ్బు రాసి గింటర్ వీపు మీద చర్మం ఊడొచ్చేటట్టు తోమడం మొదలెట్టాడు.

"మెల్లగ గాయ్డా, తన్నిన చోటు అది."

"ఏందీ?"

"మెల్లగ!"

"నిన్ను మెచ్చుకోనీకి రాలేదు నేను," అని అరిచాడు హెల్ముట్, హాలంతా వినేటట్టు. "నువ్వు చేసింది గాడిద పని. కరెంటు తీసెయ్యనీకి నువ్వెవనివి? గానీ మురికి వీపు చూస్తే నాకు అన్నం పోదు. తిరుగు గిటు."

ఎవరో పక్కనుంచి, "గాయ్డా, వానికి నూనె కూడా రాసి తలదువ్వు," అన్నారు. హెల్ముట్‌కి వినబడలేదు. తోమి, బకెట్టెడు నీళ్లు కుమ్మరించి, వెళ్తూ వెళ్తూ గింటర్ మెడ మీద ఒక్క చరుపు చరిచిపోయాడు.

బట్టలు కొక్కేనికి తగిలించి గొలుసుతో పైకి లాగేస్తారు. అక్కడ వేడికి ఆరుతాయి, కింద గొలుసుకి ఎవరి తాళం వాళ్లది. గింటర్ తన గొలుసు దగ్గరికి వచ్చి తాళం తీశాడు. గొలుసు దిగలేదు. కింద చూస్తే తన తాళం పక్కనే ఇంకో తాళం ఉంది, కొత్తది, మెరుస్తోంది. పన్నెండు మీటర్ల పైన చొక్కా, ప్యాంటు, కోటు, బూట్లు గుత్తిగా వేలాడుతున్నాయి. హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ చాలా శ్రద్ధగా తలలు తుడుచుకుంటున్నారు.

రూఫిన్ అప్పటికే కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. గింటర్ అతని వంక చూశాడు. అతను తాళంచెవి ఒకటి వేలికి తిప్పుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఏం చేస్తాడు? విప్పిపారేసిన నల్ల బట్టలే, తడిసి ముద్దయినవి, మళ్లీ తొడుక్కున్నాడు. నవంబరు చలిలో, పట్టపగలు, రెండు కిలోమీటర్లు నడిచాడు. ఎదురైన ఆడవాళ్లు ముందు ముఖం చూశారు, తర్వాత వాచిన దవడ చూశారు, తర్వాత చూపు తిప్పుకున్నారు. కబురు మనిషికన్నా ముందే ఊళ్లోకి వచ్చేసింది.

*

మంగళవారం పొద్దున్న కుచేరా గింటర్‌ని కిందికి పోనివ్వలేదు. "నీ ఆరోగ్యం బాగ లేదు కదా," అని ముద్దుగా చెప్పి దీపాల గదిలో వేశాడు. షిఫ్టుకి దిగేవాళ్లు కిటికీలో ఇత్తడి బిళ్ల ఇస్తారు, లోపలివాడు ఆ బిళ్ల కొక్కేనికి తగిలించి టోపీ దీపం, పొగలో ఊపిరాడే డబ్బా ఇస్తాడు. దీపం లేనివాడు బాయిలోకి దింపే కేజ్ ఎక్కడానికి లేదు. ముసలివాళ్లకీ, కాళ్లు పోయినవాళ్లకీ ఇచ్చే పని అది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే గింటర్ బాయిల తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. పేరు చెప్పాడు, నంబరు చెప్పాడు, గుడ్డ సంగతి, పైపు సంగతి, గ్యాసు మూడుకి వచ్చిన సంగతి చెప్పాడు. అవతల గొంతు మర్యాదగా అంతా విని, "శుక్రవారం ఉదయం పది గంటలకు అధికారి వస్తారండీ. బాయి వారికి కూడా తెలియజేస్తాం," అంది.

"వాళ్లకు తెలియజేసుడు ఎందుకండీ?"

"అది పద్ధతండీ."

ట్రూడా పుల్లటి సూపు గిన్నె బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. గట్టి మనిషి, ఆసుపత్రిలో వంట చేస్తుంది. "రూఫిన్ కొట్టిండా?" అంది.

"జారి పడ్డ."

"జారి పడితే రెండు దిక్కులా వాస్తదా?" గరిటె బల్లకేసి కొట్టింది. "మీ అమ్మ సచ్చిపోంగ వాణ్ణి నీకు అప్పజెప్పింది. పెద్దోణ్ణి చేసినవ్, బాయిల పనికి పెట్టిచ్చినవ్. మంచిగనే ఇచ్చిండు బదులు."

"వాడు ఆ యంత్రం మీద కూసుంటడే," అన్నాడు గింటర్. "రవ్వ లేచేదే ఆడ. ముందుగాల పోయేది వాడే. నాకు గది ఒక్కటే భయం."

అప్పుడే కప్పు మీద ధన్‌మని పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత అద్దం పగిలి గుమ్మం ముందు జలజలా రాలింది.

బయట ఏడెనిమిది మంది ఉన్నారు. బాయి పనివాళ్లకి చలికాలం ఇంటి ఖర్చుకని ఇచ్చే బొగ్గు, టన్ను, గేటు పక్కన కుప్ప పోసి ఉంది. ఆ కుప్పలోంచే పిడికిలి కంటే పెద్ద గడ్డలు ఏరి విసురుతున్నారు. ముసుగులు కూడా లేవు. పట్టపగలు, తెలిసిన ముఖాలు. మూడో ఇంటివాడు, చర్చిలో పక్క బల్ల మీద కూర్చునేవాడు. ఒక్కొక్క పలకకీ పేరు పెట్టి కొడుతున్నారు.

"ఇది బాల్టిక్ సముద్రానికి!"

"ఇది మంత్రికి!"

"ట్రూడక్కా, గీ రాత్రి సూర్యుడితోని పొయ్యి అంటుపెట్టుకో!"

ట్రూడా బొగ్గు పార అందుకుని వెళ్లింది. గింటర్ ఆపేలోపే దగ్గరున్నవాడి మోచేతి మీద పార అంచు దిగింది. వాడు అమ్మో అని కూలబడ్డాడు. రెండోవాడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. గింటర్ వాడి మీద పడ్డాడు, ముగ్గురూ బొగ్గు కుప్ప మీద దొర్లారు. గడ్డ ఒకటి గింటర్ నుదుటికి తగిలి కన్ను నిండా రక్తం వచ్చింది. గేటు అవతల రూఫిన్ చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. విసరనూ లేదు, ఆపనూ లేదు. వదిన జుట్టు పట్టుకున్నప్పుడు మాత్రం ముందుకొచ్చి, "ఆడోళ్ల మీద చెయ్యేస్తవారా, నీ యవ్వ," అని వాణ్ణి మెడ పట్టి రోడ్డు మీదికి గెంటాడు.

గింటర్ కుంటుకుంటూ గేటు దాకా పోయాడు. "తమ్మీ, ఒక్క మాట. శుక్రవారం దాకా నువ్వు దిగకు. జరమని చెప్పు, నడుం అని చెప్పు. శుక్రవారం తనిఖీ వస్తున్నది."

ఆ మాట నోరు దాటాక గానీ తెలియలేదు, ఎంత పెద్ద తప్పు చేశాడో. రూఫిన్ ముఖం మారిపోయింది.

"నువ్వేనా ఫోన్ కొట్టింది?"

"నీ పాణం గురించే కొట్టిన."

"నా పాణం ఆ బాయిల ఉన్నది," అన్నాడు రూఫిన్. "బాయి మూసినంక నేనేం చెయ్యాలె? ఇండ్ల మీద అద్దాలు తుడవాల్నా? నా అన్నవు కాకపోతే గీడనే పాతిపెడుదును." ఉమ్మేసి వెళ్లిపోయాడు. ట్రూడా మెట్ల మీద కూర్చుని, పార ఒళ్లో పెట్టుకుని, పగిలిన పలకలు లెక్కపెట్టడానికి కూడా తల ఎత్తకుండా ఏడ్చింది.

*

శుక్రవారానికి గోడ శుభ్రంగా ఉండాలి, గుడ్డా పైపూ కనబడకూడదు, మీటరు ఎన్నిసార్లు కరెంటు కొట్టేస్తే అన్నిసార్లు ఆగాలి. అంటే శుక్రవారం బొగ్గు రాదు. రాని బొగ్గు ముందే తీసిపెట్టుకోవాలి కదా! బుధవారం రెండు షిఫ్టులూ పోటీ పడి కోశారు. గురువారం పొద్దున్న ఆరింటికి గింటర్ బాయి గేటు దాటుతూ నల్లబల్ల చూశాడు. అంత అంకె ఆ బల్ల మీద ఎన్నడూ లేదు. ఎవరో దాని కింద గాలిమర బొమ్మ గీసి, రెక్కలు కొట్టేసి, పూలు పెట్టారు.

గింటర్ ఆ అంకె ముందు నిలబడి లెక్క వేశాడు. రెట్టింపు కోత అంటే రెట్టింపు గ్యాసు. తన ఫోన్ వల్లే. ఈ లెక్క కిందనున్న ఎవడికైనా వస్తుంది, కానీ వేసుకోరు.

దీపాల కిటికీ తెరిచేముందు రాక్‌లోంచి రూఫిన్ దీపం తీశాడు. దాని తీగ ప్లయర్‌తో మొదట్లోకి కత్తిరించాడు. అదనపు దీపాల అలమారా తాళం వేసి, తాళంచెవి నేల తుడిచే నీళ్ల బాల్చీలో పడేశాడు. తెగిన తీగ లోపలి బల్ల మీదే ఉండిపోయింది.

మనుషులు వచ్చారు. "దేవుడు సల్లగ చూడాలె," అనడం బాయి ఆనవాయితీ, అన్నారు, కానీ అతని ముఖం వంక చూడకుండా. బిళ్ల ఇస్తారు, గింటర్ కొక్కేనికి తగిలిస్తాడు, దీపమూ డబ్బా బల్ల మీదికి తోస్తాడు. ఒకటి, రెండు, మూడు. మూడో ఇంటివాడికీ ఇచ్చాడు. హెల్ముట్ వచ్చి బల్ల మీద గుద్దాడు.

"ఏం గింటరూ, వీపు మండుతున్నదా?"

"మండుతున్నది."

"ఏందీ?"

"బాగున్నది అంటున్న!"

"రేపు కూడా తోముత," అని అరిచి, దీపం టోపీకి తగిలించుకుని పోయాడు. పదిహేడు బిళ్లలు కొక్కేలకి చేరాయి.

రూఫిన్ ఎప్పుడూ ఆఖర్న వస్తాడు, గేటు దగ్గర రెండు సిగరెట్లు కాలిస్తే గాని దిగడు. బిళ్ల బల్ల మీద విసిరాడు. గింటర్ బిళ్ల తీసుకోలేదు.

"నీ దీపం కరాబైంది."

"వేరేది ఇయ్యి."

"వేరేది లేదు."

రూఫిన్ కిటికీలోంచి లోపలికి వంగి చూశాడు. బల్ల మీద తెగిన తీగ కనబడింది. అర్థమవడానికి ఎంతసేపు? రెండు చేతులూ లోపలికి పెట్టి అన్న కాలరు పట్టి లాగాడు, ముఖాన్ని ఇనప చట్రానికేసి కొట్టాడు. ముక్కు పుటుక్కుమంది.

"ఇయ్యి!"

"ఇయ్య."

మళ్లీ కొట్టాడు. దూరంగా కేజ్ గంట మొదటిసారి మోగింది. గింటర్‌కి నొప్పి తెలుస్తూనే ఉంది, కానీ లోపల ఒక్కటే లెక్క నడుస్తోంది. ఒక్కో దెబ్బకి కొంతసేపు ఆలస్యం. ఇంకా కొట్టరా నాయనా, ఇంకా కొట్టు. రూఫిన్ పక్క తలుపు తన్ని లోపలికి వచ్చాడు. అలమారా గుంజాడు, రాలేదు. అన్నని కింద పడేసి మోకాలు ఛాతీ మీద పెట్టి తాళంచెవి కోసం జేబులన్నీ చింపాడు. ఏడుస్తున్నాడు కూడా, కోపంతో. "నన్ను ఊళ్లె తలెత్తుకోకుండ చేస్తివి గదరా! అన్న వేరు, తమ్ముడు వేరు అని చెప్పుకుంట తిరుగుతున్న. గిప్పుడు ఏమంటరు? తమ్ముడు భయపడి ఇంట్ల కూసున్నడు అంటరు!"

గంట రెండోసారి మోగింది. కుచేరా గొంతు వినబడింది. "రూఫిన్ షిముర రాకపోతే మానె. గాయ్డా, ఇయ్యాల యంత్రం నువ్వు ఎక్కు." హెల్ముట్ "ఏందీ?" అని అడగడం, కుచేరా మళ్లీ అరిచి చెప్పడం, కేజ్ తలుపు పడడం, తాడు కిందికి పరుగెత్తడం, అన్నీ వరసగా వినబడ్డాయి.

గింటర్ నేల మీద వెల్లకిలా పడి, రక్తం మింగుతూ, సంతోషపడ్డాడు. అబద్ధం ఎందుకు, సంతోషమే. అమ్మ అప్పజెప్పినవాడు పైనే ఉన్నాడు.

*

పది దాటి ఇరవై నిమిషాలకి, బాయి గాలిని తోలే పెద్ద ఫ్యాను మోత మారింది. రోజూ వినేవాళ్లకే తెలుస్తుంది. ఒక్క క్షణం గొంతు అడ్డం పడ్డట్టు ఆగి, మళ్లీ అందుకుంది. ఆ తర్వాత సైరన్.

కాపాడే జట్లు పరుగెత్తుకొచ్చాయి. వాళ్లకి దీపాలిచ్చిందీ గింటరే. అలమారా గొడ్డలితో పగలగొట్టి, అదనపు దీపాలన్నీ ఇచ్చాడు. ఇప్పుడు అన్నీ బాగానే వెలిగాయి. ముక్కులోంచి కారేది తుడుచుకోకుండానే, బిళ్ల తగిలించడం, దీపం తొయ్యడం, బిళ్ల తగిలించడం, దీపం తొయ్యడం.

ఒంటిగంటకి మొదటి కేజ్ పైకి వచ్చింది. పదకొండు మంది నడిచి వచ్చారు, దగ్గుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. నలుగుర్ని స్ట్రెచర్ల మీద తెచ్చారు. మూడో ఇంటివాడు వాళ్లలో ఉన్నాడు, ముఖం మీద చర్మం లేదు, చేతులు రెండూ ఏదో పట్టుకోబోతున్నట్టు పైకి లేచి ఉన్నాయి, ఎవరు దించినా దిగడం లేదు. వాడి పెళ్లాం గేటు దగ్గర వాణ్ణి పోల్చుకోలేక పక్క స్ట్రెచరు వైపు పరుగెత్తింది. నడిచొచ్చినవాళ్లు దీపాలు తిరిగిచ్చి బిళ్లలు తీసుకున్నారు. అలవాటు మరి. చేతులు కాలినవాళ్ల దీపాలు వేరేవాళ్లు తెచ్చి ఇచ్చారు. సాయంత్రం నాలుగింటికి కొక్కేల మీద పొద్దున్నటి బిళ్లలు రెండు మిగిలాయి. ఒకటి హెల్ముట్‌ది. యంత్రం సీటులోనే ఉన్నాడట. సీటు ఏదో మనిషి ఏదో తెలియలేదట.

రూఫిన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. పొద్దుటినుంచీ అతను ఆ ఆవరణలోనే ఉన్నాడు, స్ట్రెచర్లు మోశాడు. చొక్కా నిండా మసి, అన్న రక్తం. కొక్కేల వంక చూశాడు.

"నా దీపం నువ్వే కోసినవ్," అన్నాడు మెల్లగా.

"అవ్ తమ్మీ."

"ఇయ్యాల అయితదని నీకు ఎరుక."

"ఇయ్యాలనే అని ఎరుక లేదు. బల్ల మీద అంకె చూసిన. భయమైంది."

"హెల్ముట్‌ది ఎందుకు కొయ్యలే?"

గింటర్ కొక్కేల మీద మిగిలిన రెండు బిళ్లల వంక చూశాడు. పొద్దున్న నల్లబల్ల చూసిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా, ఆ ప్రశ్న అతని బుర్రకి తట్టనేలేదు. ప్లయర్ చేతిలో ఉంది. పద్దెనిమిది దీపాలు వరసగా ముందున్నాయి. పద్దెనిమిది తీగలు కొయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు.

"నిన్ను బతికిచ్చుకుందామని..."

"నాకు అన్న ఉన్నడు," అన్నాడు రూఫిన్. "వానికి లేడు. గంతేనా?"

గింటర్ కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడుతుందనుకున్నాడు, పడితే బాగుండనుకున్నాడు. పడలేదు. కళ్లు తెరిచేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు.

*

తనిఖీ అధికారి శుక్రవారం పది గంటలకే వచ్చింది. చెప్పిన రోజుకి, చెప్పిన వేళకి. రాజధానినుంచి వచ్చిన నడివయసు ఆవిడ, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చినదాన్ని అని ఆవిడకే తెలుసు. గేటు దగ్గర అప్పటికే కాగితం అంటించారు, గోడని మూసి ఇటుకలు కట్టేస్తారు, బాయి ఈ నెలాఖరుతో ఆపేస్తారు. బొగ్గు సముద్రం అవతలినుంచి ఓడల్లో వస్తుందట. నల్లబల్ల ఎవరో తుడిచేశారు.

ఆఫీసు గదిలో గింటర్ అంతా చెప్పాడు. గుడ్డ ఎవరు కట్టారో ఒక్కొక్క పేరూ చెప్పాడు, రూఫిన్ పేరు కూడా. రెండు వారాలు తనే పుస్తకంలో సున్నా పాయింట్ ఏడు అని దొంగరాత రాశానని చెప్పాడు. గుడ్డ కుచేరా జేబులోకి పోయిందని చెప్పాడు. ఆవిడ ఆపకుండా రాసుకుంది.

"ఇంకేమైనా చెప్పాలా గింటర్ గారూ?"

"ఉన్నది మేడమ్. గురువారం పొద్దుగాల, గోడ అంటుకుంటదని భయం ఉండి కూడ, పదిహేడు మందికి దీపాలు నా చేతులతోనే ఇచ్చిన. ఒక్కటి ఆపిన. అది మా తమ్మునిది."

ఆవిడ పెన్ను ఆపింది. అతని విరిగిన ముక్కు వంక చూసింది. "మీ బాధ అర్థమవుతుందండీ. కానీ ఆ రోజు మీ పని దీపాలివ్వడం. ఇచ్చారు. అది తప్పు కిందికి రాదు."

"రాయండి."

"ఏమని రాయను? ఈ ఫారంలో దానికి చోటు లేదండీ."

గింటర్ చెయ్యి చాచాడు. ఆవిడ ఏమనుకుందో, కాగితమూ పెన్నూ అతని వైపుకి జరిపింది. అతను కాగితం తిరగేసి వెనకవైపు తెల్లగా ఉన్నచోట మొదలుపెట్టాడు. అంకెలు తప్ప రాయడం అలవాటు లేని చెయ్యి, ఒక్కో అక్షరం మీద ఆగుతోంది. దీపం నంబరు, పేరు, దాని ఎదురుగా 'ఇచ్చాను'. దీపం నంబరు, పేరు, 'ఇచ్చాను'. హెల్ముట్ గాయ్డా, ఇచ్చాను. పదిహేడు వరసలు అలా రాసి, కింద పద్దెనిమిదోది రాశాడు.

రూఫిన్ షిముర, ఇవ్వలేదు.